అత్తవారింటికి మూడో ప్రయాణం

మా ఇంట్లో ఈ ప్రయాణం గురించి ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. వాన వారం రోజులు కురిసిందని మా పెద్దబ్బాయి అంటాడు. బండి ఇరుసు విరిగిందని కోడలు ఎవరి దగ్గరో విందట. ఇరుసు విరగలేదు. ఒక చక్రం బురదలో దిగబడింది, అంతే. వాన ద్వాదశి మధ్యాహ్నం పట్టుకుని చతుర్దశి రాత్రికి తెరిపి ఇచ్చింది. ఆ బండిలో కూర్చున్నది నేను. ఆ ఏటి పంచాంగం ఇప్పటికీ నా పెట్టె అడుగున ఉంది. అందుకని నేనే రాసి పెడుతున్నాను.

అప్పటికి రాజమండ్రిలో గోదావరి మీద రైలు వంతెన పూర్తి కాలేదు, స్తంభాలు లేస్తున్నాయి. మా ఊరు కోటిపల్లి దగ్గర. అత్తవారు రాజమండ్రిలో ఉండేవారు. నాకు ఎనిమిదో ఏట పెళ్ళయింది, పధ్నాలుగు నిండాయి. కాపురానికి అప్పటికే రెండుసార్లు బయల్దేరి రెండుసార్లూ వెనక్కి వచ్చాను. మొదటిసారి ద్రాక్షారామం చేరాక అక్కడి సిద్ధాంతిగారు, గురు మౌఢ్యం, అంటే మంచి పనులు చేయకూడని మూఢం, రేపటి నుంచి కాదు, ఇవాళ పొద్దుటి నుంచే వచ్చేసిందన్నారు. బండి తిప్పారు. రెండోసారి రామచంద్రపురంలో ఉండగా జ్ఞాతుల్లో ఒక పెద్దాయన పోయారని మనిషి పరుగెత్తుకుంటూ వచ్చి చెప్పాడు. మైల. మళ్ళీ తిప్పారు.

వెళ్ళేటప్పుడు నా వస్తువులన్నీ చెల్లెళ్ళు పంచుకునేవారు. వచ్చాక ఒక్కొక్కటే అడిగి తీసుకోవాలి. మొదటిసారి మంచం, కంచు గ్లాసు, పెరట్లో నేను వేసిన కనకాంబరం మొక్కలు అన్నీ తిరిగి వచ్చాయి. రెండోసారి కనకాంబరాలు ఇవ్వలేదు. "ఎలాగూ మళ్ళీ వెళ్తావుగా అక్కా, ఎందుకు మార్చుకోవడం," అంది చిన్న చెల్లెలు. కాలువ రేవులో ఆడవాళ్ళు ఇంకో రకం. "ఏమ్మా, ఈసారి ఎక్కడిదాకా వెళ్ళొచ్చావు?" అనేవారు. తోటి పిల్లలంతా కాపురాలు చేసుకుంటున్నారు. ఒకామె బిడ్డనెత్తుకుని పుట్టింటికి కూడా వచ్చింది. నేను మాత్రం దారి చూసి వస్తున్నాను.

మూడోసారి ముహూర్తం జ్యేష్ఠ బహుళంలో కుదిరింది. త్రయోదశి సాయంత్రం నేను అత్తవారి గడపలో అడుగు పెట్టాలి. అమావాస్య దాటితే ఆషాఢం. ఆషాఢంలో అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదు, ఒకే కప్పు కింద ఉండకూడదు. ముందే ఒకసారి గడప తొక్కితే ఆ నెల పుట్టింట్లో గడిపి ఏ ముహూర్తమూ లేకుండా తిరిగి వెళ్ళిపోవచ్చు, తొక్కకపోతే మళ్ళీ ముహూర్తం వెతకాలి. సరే, ఒక్క నెలే కదా అనుకోవడానికి లేదు. శ్రావణంలో శుక్ర మౌఢ్యం వస్తోంది. అది వదిలేసరికి కార్తీకం. అంటే ఈసారి గడప దాటకపోతే నేను నాలుగు నెలలు మళ్ళీ ఆ కాలువ రేవులో బిందె ముంచుకోవాలి.

నాకు ముఖ్యమైన విషయం అదొక్కటే. మిగతావాళ్ళకి వేరే విషయాలుండేవి.

మా నాన్నకి కొత్తగా కొన్న ఎడ్ల జత ఉంది, దాన్ని రాజమండ్రి దాకా అందరికీ చూపించాలి. పైగా ఆయనకి చూడదగినది ఏది కనబడినా ఆగి చూడటం, చూపించటం అలవాటు. మా మామ్మ, అంటే నాన్న తల్లి, పంచాంగం నోట్లోనే పెట్టుకుని తిరిగేది. పడవ మీద వెళితే సుఖంగా కాలువ దారిన రాజమండ్రి రేవులో దిగొచ్చని మా బాబాయి అన్నాడు. నాన్న తమ్ముడు ఆయన.

"పడవలో మడి నిలవదురా," అంది మామ్మ. "ఎవరి చెంబు ఎవరికి తగులుతుందో. పైగా కింద నేల కదుల్తుంటే నాకు జపం సాగదు."

"బండి మాత్రం కదలదేంటమ్మా?"

"బండి కదిలితే నేనూ కదుల్తాను. పడవ కదిలితే గోదావరి కదుల్తుంది. రెండూ ఒకటేనా?"

నాన్న వెంటనే మామ్మ మాటే న్యాయమన్నాడు. ఎడ్లని పడవ ఎక్కించడం కుదరదు కదా. రెండు బండ్లు కట్టడానికి ఏర్పాటైంది. గూడు బండిలో నాన్న, మామ్మ, నేను. వెనక బండిలో బాబాయి, సారె బుట్టలు. అమ్మకి పురిటి నెల, ఆవిడ రాలేదు.

బయల్దేరడానికి మంచి సమయం దశమి పొద్దున్న వచ్చింది. కాని కమ్మరి ఇంకా బండి చక్రానికి పట్టా వేయలేదు. ఇలాంటి చిక్కులకి మాకొక పద్ధతి ఉంది. మనిషి బయల్దేరలేకపోతే ఆ మనిషి మూట బయల్దేరుతుంది. కొత్త తుండుగుడ్డలో చీర, రవిక, పసుపుకొమ్ము, గుప్పెడు బియ్యం కట్టి, ఆ మంచి సమయానికి వెళ్ళే దారిలో ఉన్న వేరే వాళ్ళ ఇంట్లో పెడతారు. దాన్ని ప్రస్థానం పెట్టడం అంటారు. అక్కడితో ప్రయాణం మొదలైనట్టే. తర్వాత వీలైనప్పుడు మనిషి వెళుతూ ఆ మూటని తీసుకుపోవాలి. ఊరి చివర, రామచంద్రపురం దారిలో కొట్టు శెట్టిగారి ఇల్లుంది. దశమి పొద్దున్న మామ్మ స్వయంగా నా మూట తీసుకెళ్ళి వాళ్ళ దేవుడి గూటి కింద పెట్టి వచ్చింది.

ఏకాదశి నాడు తెల్లవారాక బయల్దేరాం. శెట్టిగారు వాకిట్లో చేతులు జోడించుకుని నిలబడ్డారు. నాన్న బండి ఆపాడు.

"భలే కుదిరాయండి ఎడ్లు," అన్నారు శెట్టిగారు.

"ఎడంపక్కది చూడండి, మెడ తిప్పే తీరు చూడండి," అన్నాడు నాన్న.

వాళ్ళిద్దరూ ఎడ్ల పళ్ళ దాకా మాట్లాడుకున్నారు. మామ్మ శెట్టిగారి భార్యని కుంపటి గురించి ఏదో అడిగింది. బాబాయి వెనక బండి లోంచి దణ్ణం పెట్టాడు. అందరూ అందరికీ వెళ్ళొస్తామని చెప్పుకున్నారు. బండ్లు కదిలాయి.

ద్రాక్షారామం గోపురం కనబడింది. అది చూస్తే నాకు దేవుడి కంటే ముందు వెనక్కి తిరిగే బండి గుర్తొచ్చేది. సిద్ధాంతిగారి వీధి వైపు చూడకుండా తల వంచుకుని గుళ్ళోకి వెళ్ళాను. నాన్న మాత్రం ప్రతి స్తంభం దగ్గరా నిలబడి, దాన్ని తట్టి, మోగుతుందేమో విన్నాడు. మామ్మ దర్శనం చేసుకుని వచ్చి, ఉపవాసంతో మెట్ల మీద కూర్చుని చూస్తోంది.

"వాడు స్తంభాలు లెక్కపెడుతున్నాడా?" అని అడిగింది.

"రెండో వైపు మొదలుపెట్టాడమ్మా," అన్నాడు బాబాయి.

రామచంద్రపురంలో రాజావారి కోట బయటి నుంచి చూశాం. అక్కడ సత్రంలో పడుకుని ద్వాదశి పొద్దున్న ఊరు దాటాం. దాటుతుంటే నేను గూడు చాప ఎత్తి వెనక్కి చూశాను. ఎవరూ పరుగెత్తుకు రావడం లేదు. అక్కడి నుంచి ముందుకి ప్రతి చెట్టూ నాకు కొత్తే. నేనింత దూరం ఎప్పుడూ రాలేదు. బండి చప్పుడు కూడా వేరేగా వినపడింది.

దారిలో కాలువ లాకుల దగ్గర నాన్న మళ్ళీ ఆపాడు. ధాన్యం పడవ ఒకటి తలుపుల మధ్య నిలబడి, నీళ్ళతో పాటు పైకి లేస్తోంది. నాన్నకి అది చూస్తే చాలదు, అర్థం చేయించాలి. మామ్మ పారణకి పెట్టుకున్న నీళ్ళ చెంబు తీసుకుని, అందులో వక్క ముక్క వేసి, "ఇది పడవ అనుకో," అంటూ ఇంకో చెంబుతో నీళ్ళు పోయబోయాడు.

"అది నా మడి చెంబు అనుకో," అంది మామ్మ.

మండపేట దాటాక ఒక మామిడితోటలో వంటకి దిగాం. ద్వాదశి గనక మామ్మ వేళకే భోంచేయాలి. స్నానం చేసి, పొయ్యి వెలిగించి, "పిల్ల మూట ఇలా తీసుకురారా, పసుపు కావాలి," అంది.

నాన్న బాబాయి వైపు చూశాడు. బాబాయి నాన్న వైపు చూశాడు.

"నీ బండిలో లేదూ?" అన్నాడు నాన్న.

"ప్రస్థానం మూట ఆడవాళ్ళ బండిలో ఉంటుంది కదన్నయ్యా."

"సారెతో పాటు ఉంటుందని నేను..."

మామ్మ గరిట కింద పెట్టింది. "శెట్టిగారింటి ముందు అంతసేపు ఆగాం కదరా. ఏం చేశావు?"

"ఎడ్లు చూపించాను," అన్నాడు నాన్న.

నువ్వేం చేశావని మామ్మని ఎవరూ అడగలేదు. ఆవిడే కాసేపటికి, "నేను కుంపటి గురించి అడిగాను," అని తనలో తను అనుకుంది.

వెనక్కి వెళ్ళడమంటే రావడానికి ఎంత పట్టిందో అంతా పడుతుంది. త్రయోదశి ముహూర్తం పోతుంది. వెళ్ళకపోతే మామ్మ లెక్క ప్రకారం మేము బయల్దేరినట్టే కాదు.

"బయల్దేరకపోతే మండపేట ఎలా దాటామమ్మా?" అన్నాడు నాన్న.

"మనుషులు దాటారు. ప్రయాణం శెట్టిగారింట్లో కూర్చుంది."

నేను గుడ్లనీళ్ళు కుక్కుకుని కూర్చున్నాను. వెనక్కి అనే మాట ఎవరి నోట వస్తుందా అని ఒక్కొక్కరి మొహం చూస్తున్నాను. చివరికి మామ్మే, "పదండి. మూట లేకపోయినా రేపటికల్లా గడప తొక్కిద్దాం. ఆ తర్వాత దేవుడి దయ," అంది. నాకు వెంటనే ఆకలి వేసింది.

అన్నాలు తిని లేస్తుండగా మొదటి చినుకు పడింది.

అది ఊరికే పోయే వాన కాదు. ఈదురుగాలి తాటిచెట్లని వంచేసింది. రోడ్డూ పక్కనున్న బోదె కాలువా ఒకటైపోయి, ఎడ్లు ఎక్కడ అడుగు వేయాలో తెలియక నిలబడిపోయాయి. సాయంత్రానికి ఎలాగో కడియానికి ఇవతల ఒక చిన్న సత్రం పట్టుకున్నాం. త్రయోదశి అంతా కురిసింది. సాయంత్రం ముహూర్తం వేళకి మామ్మ సత్రం గుమ్మంలో నిలబడి వాన వంక చూసి లోపలికి వచ్చింది. చతుర్దశి నాడూ కురిసింది. సత్రం ముందు మడుగు దాటి అవతలికి పోవడానికే లేదు.

మేము తెచ్చుకున్న బియ్యం తడవలేదు గాని సారె బుట్టలు తడిశాయి. ముందు కజ్జికాయలు మెత్తబడ్డాయి.

"ఇవి రేపటిదాకా ఆగవమ్మా," అన్నాడు బాబాయి, ఒకటి వాసన చూస్తూ.

"సారెరా అది. వియ్యాలవారిది."

"వియ్యాలవారికి పాడైనవి పెడతామా?"

ఈ వాదన మామ్మకి నచ్చింది. తడిసిన కజ్జికాయలు తినేశాం. తర్వాత అరిసెలకి చెమ్మ తగిలిందని తేలింది. చతుర్దశి మధ్యాహ్నానికి బాబాయి ప్రతి బుట్టలోనూ చెయ్యి పెట్టి చెమ్మ వెతుకుతున్నాడు. సున్నుండలు ఇత్తడి డబ్బాలో ఉండబట్టి బతికాయి. నాన్న చూరు నీళ్ళు ఎటు పారుతున్నాయో చూసి, బురదతో చిన్న కట్ట కట్టి, అందులో తూము పెట్టి, ఆనకట్ట అంటే ఎలా ఉంటుందో నాకు చెప్పాడు. నేను వింటున్నట్టే ఉన్నాను గాని నా చెవులు వానమీదే ఉన్నాయి.

అమావాస్య పొద్దున్న ఆకాశం కడిగినట్టు తెల్లబడింది. మామ్మకి అమావాస్య ప్రయాణమంటే విషం. కాని రేపు ఆషాఢం.

"అమావాస్యా, ఆషాఢమా, నువ్వే చెప్పమ్మా," అన్నాడు నాన్న.

"అమావాస్య పాపం నీ ఖాతాలో వేస్తాను. ఎడ్లు కట్టు," అంది మామ్మ.

మధ్యాహ్నం ఇంకా చాలా ఉండగానే ధవళేశ్వరం చేరాం. అక్కడి నుంచి రాజమండ్రి నాలుగు మైళ్ళు. దీపాల వేళకి నేను గడపలో ఉండొచ్చు. మామ్మ నాకు తల దువ్వి కొత్త చీర కట్టుకోమంది. సరిగ్గా అప్పుడు ఆనకట్ట చప్పుడు వినబడింది.

"ఒక్క క్షణం," అన్నాడు నాన్న.

"వద్దురా."

"ఒక్క క్షణమే అమ్మా. మళ్ళీ ఇంత నీళ్ళున్నప్పుడు ఎప్పుడు వస్తాం?"

బండ్లు గట్టు మీద ఆగాయి. కొత్త నీళ్ళు ఎర్రగా, బెల్లం పాకంలాగా వచ్చి ఆ కొస నుంచి ఈ కొసదాకా ఒకే వరసగా విరిగి పడుతున్నాయి. కింద నురగ. పక్కన ఉన్న మనిషి మాట వినపడదు. నాన్న చేతులు ఊపుతూ ఏదో చెబుతున్నాడు. బాబాయి తల ఊపుతున్నాడు. మామ్మ బండి లోంచి దిగనని కూర్చున్నదల్లా దిగి, ఒక చెంబెడు నీళ్ళు నెత్తిన చల్లుకుంది. నేను కూడా చూశాను. అంత నీళ్ళు అడ్డం పడి ఉన్నా ఒక కట్ట కదలకుండా నిలబడటం నాకు నచ్చింది.

అందరం చూస్తుండగా వెనక ఆకాశం నల్లబడటం ఎవరూ చూడలేదు. గాలి వచ్చి గూడు చాప ఎత్తుకుపోయింది. నాన్న చాప వెంట పరుగెత్తాడు. ఎడ్లు బెదిరి గట్టు దిగాయి. ఎడం చక్రం బురదలో దిగబడింది. దాన్ని పైకి తీసేసరికి దీపాల వేళ దాటిపోయింది. ధవళేశ్వరంలోనే ఒక పురోహితుడిగారి వసారాలో తల దాచుకున్నాం. అమావాస్య వెళ్ళిపోయింది.

ఈ గాలివానని కూడా కలిపి మా పెద్దబ్బాయి వారం అంటాడనుకుంటాను. ఇది ఒక్క సాయంత్రమే కురిసింది. పొద్దున్నకి సన్న తుంపర మిగిలింది.

మామ్మ నాన్నని ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పాడ్యమి పొద్దున్న బండ్లు కట్టి ఆ నాలుగు మైళ్ళూ దాటాం. ఊళ్ళోకి వస్తుంటే ఏటి వైపు వంతెన స్తంభాలు కనబడ్డాయి, నీళ్ళలో వరసగా, పైన ఏమీ లేకుండా. అవి చూడాలని నాన్న ఇంటి దగ్గర నుంచీ చెబుతున్నాడు. బండి ఆపలేదు. తల కూడా తిప్పలేదు. నేనే చూశాను, ఆయన బదులు.

అత్తవారి వీధిలోకి తిరిగాక, వాళ్ళ ఇంటికి ఎదురుగా ఉన్న అరుగు ముందు బండ్లు ఆపాం. గడప దగ్గరికి వెళ్ళకూడదు కదా. మా అత్తగారు తన అరుగు మీదికి వచ్చింది. పొడగరి. పక్కన మామగారు. ఒక ప్లీడరు దగ్గర గుమాస్తా ఆయన. వాళ్ళ వెనక స్తంభం చాటున మా ఆయన, చేతిలో మూసిన గొడుగు. మధ్యలో వీధి. అటూ ఇటూ అరుగుల మీద ఇరుగుపొరుగువాళ్ళు పని మానుకుని కూర్చున్నారు.

"అక్కడే ఆగండి అన్నయ్యగారూ," అంది అత్తగారు. "ఇవాళ పాడ్యమి."

"తెలుసమ్మా," అన్నాడు నాన్న. "వాన పట్టుకుంది."

"వాన మాకూ పట్టుకుంది. నిన్న పగలంతా తెరిపిగానే ఉందే?"

నాన్న నోరు తెరిచేలోపు మామ్మ ఉన్నమాట చెప్పేసింది. "నిన్న మావాడు ఆనకట్ట చూశాడమ్మా."

వీధిలో ఎవరో నవ్వారు. అత్తగారు నవ్వలేదు. "ఎలా ఉంది?" అంది.

"ఏంటమ్మా?"

"ఆనకట్ట అన్నయ్యగారూ. నీళ్ళు పడుతున్నాయా?"

నాన్న మామ్మ వైపు భయంగా చూశాడు. తర్వాత మెల్లగా మొదలుపెట్టాడు. ఎర్రనీళ్ళు, నురగ, మాట వినపడకపోవడం. నాలుగు మాటలయ్యేసరికి చేతులు లేచాయి. బండి దిగి వీధి మధ్యకి వచ్చి, ఈ కొస ఇక్కడ, ఆ కొస అదిగో ఆ వేపచెట్టు అనుకోండి అంటూ చూపించాడు. అత్తగారు వేపచెట్టు దాకా చూసింది.

"ఇక్కడికి నాలుగు మైళ్ళు," అంది. "పదేళ్ళ పిల్లగా ఈ ఇంటికి వచ్చాను. రేవులో గోదావరి తప్ప ఇంకేం చూడలేదు. మా పుట్టిల్లు ముక్తేశ్వరం. అటు వెళ్ళి ఎన్నేళ్ళైందో ఈయన్నే అడగండి."

మామగారు కలగజేసుకున్నారు. "బావగారూ, ముందు పిల్ల సంగతి తేల్చుదాం."

"తేలేదేముందండి," అన్నాడు నాన్న. తల వంచుకున్నాడు. "తప్పు నాది. పిల్లని వెనక్కి తీసుకుపోతాం. మళ్ళీ కార్తీకంలో..."

నేను గూట్లో మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాను. కనకాంబరాలు గుర్తొచ్చాయి. కాలువ రేవు గుర్తొచ్చింది. ఈసారి రాజమండ్రి దాకా వెళ్ళొచ్చానని చెప్పాలి.

"ఉండండి," అంది అత్తగారు. లోపలికి వెళ్ళి చేతిలో ఒక మూటతో వచ్చింది. తుండుగుడ్డ. నేను తల ఎత్తాను. మామ్మ బండి లోంచి సగం బయటికి వంగింది.

"అది మా మూటే."

"మీదే పిన్నిగారూ. త్రయోదశి సాయంత్రం వచ్చింది. మీ ఊరి శెట్టిగారి నూనె పడవలో. మీరు మరిచిపోయారని ఆయన భార్య చూసుకుందట. ముహూర్తం తప్పకూడదని వెంటనే పడవ సరంగుకిచ్చి, దీపాలు పెట్టకముందే మా ఇంట్లో పెట్టి రావాలని ఒట్టు వేయించుకున్నారట. సరిగ్గా వేళకి తెచ్చాడు. దేవుడి దగ్గర పెట్టాను. మూట వచ్చింది, మనుషులు రారు. మూడు రోజులుగా ఈయనకి రోడ్డు చివరిదాకా వెళ్ళి రావడమే పని."

మామ్మ ఎక్కనన్న పడవలో నా ప్రయాణం సుఖంగా వచ్చి, ముహూర్తానికి లోపల కూర్చుంది.

మామగారి మొహం వెలిగింది. కోర్టు మాటలు ఆయనకి బాగా వచ్చు. "అయితే చిక్కే లేదు. వాయిదాకి పార్టీ రాలేకపోయినా వకాలతు వచ్చింది. వచ్చింది జ్యేష్ఠంలో, గడప దాటిందీ జ్యేష్ఠంలో. పిల్ల హాజరైనట్టే లెక్క. నేను చెబుతున్నాను, లోపలికి తీసుకురండి."

మామ్మ కాస్త ఆలోచించి, "న్యాయమే. ప్రస్థానం చేరితే మనిషి చేరినట్టే," అంది.

"అంతే కదా?" అంది అత్తగారు. "కోడలు మూడు రోజులుగా ఇంట్లోనే ఉన్నట్టు. అందరూ ఒప్పుకున్నట్టేగా?"

"ఒప్పుకున్నాం," అన్నారు మామగారు.

"మరి ఇవాళ ఆషాఢం వచ్చింది. కోడలు ఇంట్లో ఉంది. ఇక ఈ ఇంట్లో ఉండకూడనిదాన్ని నేను."

కోర్టులో మామగారికి ఇలాంటిది ఎదురైందో లేదో నాకు తెలియదు.

"ఆషాఢం వస్తే కోడలు పుట్టింటికి వెళ్ళాలని అందరికీ తెలుసు," అంది అత్తగారు. "అత్తకీ ఒక పుట్టిల్లు ఉంటుందని ఎవరికీ తోచదు. అన్నయ్యగారూ, మీ బండ్లు ఖాళీగానే వెళుతున్నాయిగా? ముక్తేశ్వరం మీకు ఏరు దాటితే వచ్చేదే కదా."

"బండి సిద్ధమమ్మా," అన్నాడు నాన్న. ఆయన మెడ మళ్ళీ నిటారుగా నిలబడింది. "దారిలో లాకులున్నాయి. ద్రాక్షారామంలో స్తంభాలు..."

"మరి నా భోజనం?" అన్నారు మామగారు.

"మీ వకాలతు వండి పెడుతుందిగా."

ఈసారి వీధి అంతా నవ్వింది. మా ఆయన స్తంభం చాటున నవ్వడం నేను చూశాను. ఆయన్ని పెద్దయ్యాక చూడటం అదే మొదలు.

ఒంటరిగా ఆ ఇంట్లో పధ్నాలుగేళ్ళ పిల్లని వదలలేక మామ్మ ఉండిపోవడానికి ఒప్పుకుంది. బిడ్డ పుట్టేదాకా మనవరాలి ఇంటి అన్నం ముట్టకూడదు గనక బండిలో మిగిలిన మా బియ్యం బస్తా తన వెంట దింపుకుంది. అత్తగారు లోపలికి వెళ్ళి పావుగంటలో వచ్చింది. అంత త్వరగా ఎవరూ సర్దుకోలేరు. ఆ పెట్టె ముందే కట్టి ఉందని నా అనుమానం. ఆవిడని అడిగే ధైర్యం నాకు చివరిదాకా రాలేదు.

బాబాయి బెదురుతూ సున్నుండల డబ్బా పట్టుకొచ్చాడు. "సారె అమ్మగారూ. మిగతాది వానకి..."

అత్తగారు మూత తీసి చూసింది. "ఇవి దారిలోకి సరిపోతాయి," అని డబ్బా తన పెట్టె మీద పెట్టించుకుంది.

ముందు ఆవిడ కుడికాలు బయట పెట్టి గడప దిగింది. మా ఆయన ఆవిడ మీద గొడుగు పట్టాడు. తర్వాత నేను బండి దిగాను. వీధి మధ్యలో, ఆ తుంపరలో, మేమిద్దరం ఎదురయ్యాం. ఆవిడ ఆగి మూట నా చేతిలో పెట్టింది.

"ఉప్పు జాడీ పొయ్యికి ఎడం పక్క. చింతపండు అటక మీద, నీకు అందదు, మావాణ్ణి తీయమను. మీ మామగారికి చారులో మిరియాలు పడవు. పడతాయంటారు, వినకు."

"అలాగేనండి."

"భయంగా ఉందా?"

"లేదండి," అన్నాను. నిజంగానే లేదు.

ఆవిడ బండెక్కింది. నేను మూట పట్టుకుని గడప దాటాను. దాటి వెంటనే వెనక్కి తిరిగి చూశాను. గూడు చాప కొట్టుకుపోయింది గనక వాళ్ళు బాగా కనబడుతున్నారు. నాన్న అప్పుడే చెయ్యి చాచి ఏటి వైపు వంతెన స్తంభాలు చూపిస్తున్నాడు. అత్తగారు నెత్తిన కొంగు తడుస్తున్నా పట్టించుకోకుండా అటే మెడ సాచింది.

"సాయంత్రానికి మండపేట అయినా చేరతారా?" అంది మామ్మ నా పక్కన నిలబడి.

చేరలేదు. ఆ రాత్రి వాళ్ళు ధవళేశ్వరంలోనే, అదే పురోహితుడిగారి వసారాలో పడుకున్నారు. ఎడ్లకీ చక్రాలకీ ఏమీ కాలేదు. చీకటి పడేదాకా మా అత్తగారు గట్టు మీద నుంచి లేవనన్నదట.